మూకీల రాణి సులోచన: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సినిమాల కబుర్లలో సులోచన పేరు వస్తే చాలు, ప్రతిసారీ అవే ప్రశ్నలు. "అమ్మ వేషాలు వేసే ఆవిడే కదా?" అని ఒకరంటారు. "టాకీలు రాగానే పని అయిపోయింది కదా?" అని ఇంకొకరు. రెండూ తప్పే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. దేనికదే చదువుకునేలా రాశాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## ఎవరీమె?

సులోచన అంటే హిందీ సినిమాల్లో అమ్మ వేషాలు వేసే ఆవిడే కదా?

కాదు. ఆవిడ సులోచనా లాట్కర్. మరాఠీ, హిందీ సినిమాల్లో దశాబ్దాల పాటు తల్లి పాత్రలు వేసి, 2023లో కన్నుమూశారు. ఇక్కడ మాట్లాడుకుంటున్న సులోచన అంతకు ముందు తరం మనిషి. అసలు పేరు రూబీ మయర్స్. లాట్కర్ పుట్టిన 1928 నాటికే ఈమె దేశమంతా తెలిసిన హీరోయిన్. ఇద్దరూ ముంబైలోనే పనిచేయడం, ఈమె కూడా పెద్ద వయసులో తల్లి వేషాలు వేయడంతో ఒకరి ఫొటో కింద ఇంకొకరి పేరు పడుతూ ఉంటుంది. ఫొటో 1920ల నాటిదైతే అది రూబీ మయర్సే.

రూబీ మయర్స్ అంటే విదేశీయురాలా?

కాదు, 1907లో పుణెలో పుట్టింది. బాగ్దాదీ యూదుల కుటుంబం. బాగ్దాద్, బస్రా వైపు నుంచి వ్యాపారాల కోసం వచ్చి బొంబాయి, పుణె, కలకత్తాల్లో స్థిరపడిన యూదులను అలా పిలుస్తారు. పుణెలో లాల్ దేవళ్ అని అక్కడివాళ్ళు పిలుచుకునే ఎర్ర ఇటుకల యూదుల ప్రార్థనా మందిరం ఉంది. 19వ శతాబ్దంలో డేవిడ్ ససూన్ కట్టించిన ఆ మందిరం ఈ సమాజానిదే. ఇంట్లో మాట, చదువు, బట్టలు అన్నీ ఇంగ్లీషు పద్ధతిలో ఉండేవి. తర్వాత టాకీలు వచ్చినప్పుడు ఆమెకు ఎదురైన చిక్కంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

మరి సులోచన అని పేరెందుకు?

తెర కోసం పెట్టుకున్న పేరు. చక్కని కళ్ళున్నది అని అర్థం. ఆమె కళ్ళు లేత గోధుమరంగువి. మూకీ సినిమాలో కళ్ళే నోరు కాబట్టి అంతకంటే సరైన పేరు దొరకదు. మన పురాణాల్లో ఇంద్రజిత్తు భార్య కూడా సులోచనే. సతీ సులోచన పేరుతో వచ్చిన నాటకాలు, సినిమాలు ఆమె కథలు, ఈ నటికి వాటితో సంబంధం లేదు.

మన దేశంలో మొట్టమొదటి సినిమా నటి ఈమేనా?

కాదు. 1913లో ఫాల్కే తీసిన "రాజా హరిశ్చంద్ర"లో వేషం వేయడానికి ఆడవాళ్ళు దొరక్క సాలుంకే అనే కుర్రవాడితో తారామతి వేషం వేయించారు. అదే ఏడాది "మోహినీ భస్మాసుర్"లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించారు. మొదటి నటీమణులు వాళ్ళే. సులోచన వచ్చేసరికి సినిమాల్లో ఆడవాళ్ళు ఉన్నారు. అయితే పోస్టర్ మీద హీరోయిన్ పేరు చూసి జనం టికెట్ కొనడం అనేదాన్ని ఆ స్థాయికి తీసుకెళ్ళింది మాత్రం ఈమె.

## సినిమాల్లోకి

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేదట, నిజమేనా?

నిజమే. అప్పటి ఫోన్‌లో మనం నంబరు కొట్టడం ఉండేది కాదు. రిసీవర్ ఎత్తితే ఎక్స్ఛేంజిలో బల్ల మీద ఒక చిన్న దీపం వెలిగేది. చెవులకు తగిలించుకున్న హెడ్‌సెట్‌తో ఆపరేటర్ నంబరు అడిగి, తీగ చివర ఉన్న పిన్నును సరైన రంధ్రంలో గుచ్చి కలిపేది. రోజంతా వందల చేతులు, వందల రంధ్రాలు. ఇంగ్లీషు మాట్లాడగలిగిన ఆంగ్లో ఇండియన్, యూదు, పార్సీ అమ్మాయిలకు ఆఫీసుల్లో దొరికే కొద్దిపాటి గౌరవమైన ఉద్యోగాల్లో అదొకటి. 1926లో దర్శకుడు హోమీ మాస్టర్ "టెలిఫోన్ ని తరుణి" తీసినప్పుడు టెలిఫోన్ అమ్మాయి వేషం ఈమెకే ఇచ్చారు. గొంతు మాత్రమే వినిపించే ఉద్యోగం నుంచి, గొంతు అసలు వినిపించని ఉద్యోగానికి వచ్చిందన్నమాట. నాకు ఆమె జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

మొదట సినిమాలు వద్దని చెప్పిందట కదా?

అవును. కోహినూర్ ఫిల్మ్ కంపెనీలో పనిచేస్తున్న మోహన్ భవ్నానీ వచ్చి అడిగితే కుదరదంది. ఆడపిల్ల సినిమాల్లో చేరిందంటే పరువు పోయినట్టే చూసే రోజులవి. నెల జీతం వచ్చే ఉద్యోగం వదులుకుని అలాంటి చోటికి పోవడానికి ఎవరికైనా భయమే. ఆయన పట్టు వదల్లేదు, చివరికి ఒప్పుకుంది. 1925లో వచ్చిన "వీర్ బాలా" ఆమె తొలి సినిమాల్లో ఒకటి. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు ఉంటాయి.

నటన తెలియకుండా హీరోయిన్ ఎలా అయింది?

నాటకాల అనుభవం లేకపోవడమే ఆమెకు కలిసివచ్చిందని నా అభిప్రాయం. నాటకం నుంచి వచ్చినవాళ్ళకు చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా కనిపించేలా చేతులు ఊపడం, కళ్ళు పెద్దవి చేయడం అలవాటు. కెమెరా దగ్గరికి వచ్చాక అదంతా ఎక్కువైపోతుంది. ఈమెకు ఆ అలవాట్లు లేవు. పైగా మాట కష్టం లేదు. చెప్పాల్సిన డైలాగు ఉంటే అట్ట మీద రాసి మధ్యలో చూపించేవారు. మొహం, నడక, చూపు సరిపోయేవి.

## మూకీల రోజులు

ఆమె మూకీల్లో ముఖ్యమైనవి ఏవి?

కోహినూర్‌లో "టైపిస్ట్ గర్ల్", "సినిమా క్వీన్" 1926లో వచ్చాయి. "టైపిస్ట్ గర్ల్"ను చందూలాల్ షా 17 రోజుల్లో తీశాడని చెబుతారు. 1927లో టాగూర్ నాటకం ఆధారంగా నావల్ గాంధీ తీసిన "బలిదాన్". తర్వాత ఇంపీరియల్ కంపెనీకి మారింది. అక్కడ ఆర్.ఎస్. చౌధురి దర్శకత్వంలో "మాధురి", "అనార్కలి" 1928లో, "ఇందిర బి.ఎ." 1929లో వచ్చి పెద్ద హిట్లయ్యాయి.

పేర్లు ఒకసారి మళ్ళీ చదవండి. టైపిస్టు, టెలిఫోన్ అమ్మాయి, బి.ఎ. చదివిన ఇందిర. చుట్టూ పురాణాల సినిమాలు ఆడుతుంటే ఈమె తెర మీద ఉద్యోగం చేసే అమ్మాయి, చదువుకున్న అమ్మాయి. 1929లో సినిమా పేరులో ఒక ఆడపిల్ల డిగ్రీ రాయడం చిన్న విషయం కాదు. ఆమెను అందగత్తె అని మాత్రమే గుర్తుపెట్టుకునేవాళ్ళు ఈ సంగతి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

ఒకే సినిమాలో ఎనిమిది వేషాలు వేసిందా?

వేసింది. 1927లో వచ్చిన "వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే". తోటమాలి, పోలీసు, వీధిలో తిరిగే పిల్లవాడు, బంగారు రంగు జుట్టు యూరోపియన్ దొరసాని, అరటిపళ్ళు అమ్మే ముసలమ్మ, చేయి తిరిగిన జేబుదొంగ. వీటితో పాటు మన హైదరాబాదీ పెద్దమనిషి వేషం కూడా ఉంది! ఇరవై ఏళ్ళ పుణె అమ్మాయి హైదరాబాదీ పెద్దమనిషిలా ఎలా నడిచిందో చూడాలని ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను. హీరోలు తొమ్మిది పాత్రలు, పది పాత్రలు వేస్తే పండగ చేసుకుంటాం. ఒక హీరోయిన్ 1927లోనే ఎనిమిది వేసింది, అందులో మగ వేషాలు కూడా ఉన్నాయి.

మాటల్లేని సినిమా జనానికి ఎలా అర్థమయ్యేది?

దృశ్యానికీ దృశ్యానికీ మధ్య రాసిన అట్టలు వచ్చేవి. ఒకే అట్ట మీద రెండు మూడు భాషలు ఉండేవి. చదువు రానివాళ్ళే ఎక్కువ కాబట్టి తెర పక్కన ఒక మనిషి నిలబడి గట్టిగా చదివి, కథ చెబుతూ పోయేవాడు. బుర్రకథ, హరికథ విన్న జనానికి అది కొత్తగా అనిపించి ఉండదు. హార్మోనియం, తబలా వాయించేవాళ్ళు కూడా ఉండేవారు. అట్టల మీద భాష మారిస్తే చాలు, బొంబాయిలో తీసిన సినిమా మద్రాసులోనూ ఆడేది, లాహోర్‌లోనూ ఆడేది. ఇంగ్లీషు తప్ప వేరే భాష సరిగ్గా రాని అమ్మాయి దేశమంతటికీ అభిమాన నటి అయిందంటే ఆ వెసులుబాటు వల్లే.

గాంధీగారి మీద తీసిన ఫిల్ముతో ఆమె డాన్స్ కలిపి వేశారని విన్నాను, నమ్మొచ్చా?

నమ్మొచ్చు. సినిమా చరిత్రలు చాలాసార్లు చెప్పిన విషయమే. గాంధీగారు ఖాదీ ప్రదర్శనను ప్రారంభించిన చిన్న ఫిల్ము చూపించినప్పుడు, "మాధురి"లో ఆమె చేసిన డాన్సుకు శబ్దం జోడించి దానితో పాటు వేశారు. గాంధీగారికి సినిమాలంటే ఇష్టం లేదు. అయినా హాలు నిండాలంటే ఏం కావాలో వేసినవాళ్ళకు తెలుసు.

నెలకు ఐదు వేలు జీతమట. అప్పట్లో అదెంత?

1930ల్లో ఆమె జీతం నెలకు 5,000 రూపాయలు. తులం బంగారం 40 రూపాయల లోపే దొరికే రోజులు కాబట్టి, ఒక్క నెల జీతంతో 120 తులాలకు పైగా కొనొచ్చు. అప్పటి సినిమావాళ్ళు కంపెనీలో నెల జీతానికే ఉండేవారు, సినిమాకింత అని లెక్క ఉండేది కాదు. షెవ్రొలే కారులో తిరిగేది. బొంబాయి గవర్నరు కంటే ఆమెకే ఎక్కువ జీతమని జనం చెప్పుకునేవారు. ఆ పోలిక ఎంతవరకు నిజమో పక్కన పెడితే, జనం ఒక నటిని గవర్నరుతో పోల్చి మాట్లాడుకున్నారు, అది చాలు.

## టాకీలు వచ్చాక

టాకీలు రాగానే ఆమె పని అయిపోయింది కదా?

అందరూ చెప్పే మాట ఇదే. ఎక్కువసార్లు సరిదిద్దాల్సి వస్తున్నదీ ఇదే.

జరిగింది చూడండి. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమా హాల్లో మన దేశపు తొలి టాకీ "ఆలం ఆరా" విడుదలైంది. ఆ రోజుల్లో డబ్బింగ్ లేదు, ప్లేబ్యాక్ ఇంకా రాలేదు. నటి తన నోటితో డైలాగు చెప్పాలి, తన గొంతుతో పాడాలి, అదీ షాట్ నడుస్తుండగానే. ఎక్కడో దాచిన మైకుకు వినిపించేలా మాట్లాడాలి. తప్పు పోతే మొదటి నుంచి మళ్ళీ. సులోచనకు హిందుస్తానీ సరిగ్గా రాదు. ఇంగ్లీషు యాసలో పలికితే హాల్లో నవ్వుతారు. అప్పటి దాకా దేశంలో అందరికంటే పెద్ద హీరోయిన్, ఒక్క ఏడాదిలో పనికిరాని మనిషిలా కనిపించింది. ఆ టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఆమె చేసిన పని ఏమిటంటే, ఏడాది పాటు నటన ఆపి భాష నేర్చుకుంది. పేరు, డబ్బు, కారు అన్నీ ఉన్న మనిషి పాతికేళ్ళ వయసులో మళ్ళీ ఓనమాలు దిద్దడానికి కూర్చుంది. 1932లో టాకీ "మాధురి"తో తిరిగి వచ్చింది. తర్వాత తన మూకీ హిట్లనే ఒక్కొక్కటిగా మాటలతో మళ్ళీ చేసింది. "ఇందిర బి.ఎ." కాస్తా 1934లో "ఇందిరా ఎం.ఎ." అయింది. ఐదేళ్ళలో పై చదువు కూడా అయిపోయిందన్నమాట! 1935లో "అనార్కలి", 1936లో "వైల్డ్‌క్యాట్" టాకీగా "బంబయీ కీ బిల్లీ". 1930ల చివరిదాకా ఆమె అగ్ర నటే.

ఆ తర్వాత వెనకబడింది, అది నిజమే. దానికి కారణాలు వేరు. ఇంపీరియల్ కంపెనీ మూతపడింది, హీరో బిలిమోరియాతో జంట విడిపోయింది, కొత్త హీరోయిన్లు వచ్చారు. మాట్లాడటం రాక పోయిందనడం మాత్రం అన్యాయం. ఆమె నేర్చుకుంది.

"ఆలం ఆరా"లో ఆమె ఎందుకు లేదు? అది ఆమె కంపెనీ సినిమానే కదా?

ఆమె కంపెనీదే. అర్దేశిర్ ఇరానీ స్థాపించిన ఇంపీరియల్ తీసిందే. హీరోయిన్ వేషం జుబేదాకు దక్కింది. ఉర్దూ ధారాళంగా రావడం అప్పుడు అన్నిటికంటే ముఖ్యం, జుబేదాకు అది ఉంది.

బిలిమోరియాతో ఆమె కథ ఏమిటి?

దిన్షా బిలిమోరియా పార్సీ నటుడు. 1928 "అనార్కలి"లో ఆమె పక్కన సలీం. 1933 నుంచి 1939 వరకు ఆమె దాదాపుగా ఆయనతో మాత్రమే నటించింది. తెర మీద జంట, బయట కూడా ప్రేమికులు. వాళ్ళు విడిపోయాక ఇద్దరి కెరీర్లూ ఒకేసారి కిందికి జారాయి.

సొంత కంపెనీ కూడా పెట్టిందా?

పెట్టింది. 1930ల మధ్యలో, రూబీ పిక్స్ అని. తెర పేరుతో కాకుండా తన అసలు పేరుతో.

## తర్వాతి రోజులు

"జుగ్ను" సినిమా ఆమె వల్ల నిషేధించారట, ఏమిటా గొడవ?

1947లో వచ్చిన "జుగ్ను"లో దిలీప్ కుమార్, నూర్జహాన్ హీరో హీరోయిన్లు. పెద్ద హిట్. అందులో నలభై ఏళ్ళ సులోచన మీద తోటి ముసలి ప్రొఫెసరు మనసు పారేసుకుంటాడు. కాలేజీలో ఇలాంటి పాడు పని చూపిస్తారా అన్న గొడవ లేచి, మొరార్జీ దేశాయ్ హోం మంత్రిగా ఉన్న బొంబాయి ప్రభుత్వం సినిమాను నిషేధించింది. కుర్ర జంట ప్రేమించుకుంటే లేని అభ్యంతరం, నలభై ఏళ్ళ ఆడమనిషిని ఒకరు ఇష్టపడితే వచ్చింది.

అనార్కలి కథలో మూడుసార్లు నటించిందట, నిజమా?

నిజం. 1928 మూకీలో అనార్కలి. 1935 టాకీలో మళ్ళీ అనార్కలి. 1953లో బీనా రాయ్ అనార్కలిగా, ప్రదీప్ కుమార్ సలీంగా వచ్చిన సినిమాలో సలీం తల్లి. మనకు అనార్కలి అంటే 1955లో వచ్చిన అంజలీదేవి, అక్కినేని. హిందీవాళ్ళకు బీనా రాయ్, ఆ తర్వాత మధుబాల. వీళ్ళందరికంటే ముందు ఆ వేషం జనం మనసులో నాటింది సులోచన.

1953 సినిమా నేను మొదటిసారి చూసినప్పుడు కథ మీద ధ్యాస లేదు. రాణి వచ్చే సీను కోసం ఎదురుచూశాను. వచ్చాక బొమ్మ ఆపేసి చూస్తూ ఉండిపోయాను. మొహం నిండుగా అయింది, వయసు తెలుస్తోంది. కళ్ళు మాత్రం పాత ఫొటోల్లో కళ్ళే. పాతికేళ్ళ కిందట తాను నిలబడిన చోట ఇంకో అమ్మాయి నిలబడి ఉంటే, ఈమె ఆ సెట్ మీదే తల్లి నగలు పెట్టుకుని తన వంతు కోసం కూర్చుని ఉంటుంది కదా అనిపించింది.

ఫాల్కే అవార్డు వచ్చిందా?

1973 సంవత్సరానికి వచ్చింది. 1969 సంవత్సరానికి తొలి అవార్డు అందుకున్న దేవికారాణి తర్వాత ఇది పొందిన రెండో మహిళ ఈమే. మరుసటి ఏడాది, అంటే 1974కి, మన బి.ఎన్. రెడ్డి గారికి వచ్చింది. 1975కి ధీరేన్ గంగూలీకి. మూకీల కాలంలో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టింది ఆ గంగూలీయే.

చివరి రోజుల్లో ఎలా ఉంది? కటిక పేదరికంలో పోయిందంటారు.

హీరోయిన్ వేషాలు ఆగిపోయాక సహాయ పాత్రలు, ఆ తర్వాత చిన్న చిన్న వేషాలు వేసింది. ఒక అమ్మాయిని పెంచుకుంది. 1983 అక్టోబర్ 10న ముంబైలోని తన ఫ్లాట్‌లో చనిపోయింది. అప్పటికి జనం ఆమెను దాదాపుగా మరిచిపోయారు. అయితే ఆమె జీవితాన్ని "పాపం" అనే ఒక్క మాటతో చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒకప్పుడు పోస్టరంతా తానే అయిన మనిషి చిన్న వేషానికి కూడా మేకప్ వేసుకుని వెళ్ళింది. అది పని మీద ఇష్టం, దానికి జాలి పడక్కర్లేదు.

## తెలుగువాళ్ళు ప్రత్యేకంగా అడిగేవి

తెలుగు సినిమాకూ ఆమెకూ ఏమైనా సంబంధం ఉందా?

ఆమె బొంబాయి నటి. సంబంధం స్టూడియో ద్వారా ఉంది. తెలుగులో తొలి టాకీ "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దాన్ని తీసింది ఆమె పనిచేసిన ఇంపీరియల్ కంపెనీయే. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి ఆ కంపెనీలో పనిచేసినవారే. "ఆలం ఆరా", "కాళిదాస్", "భక్త ప్రహ్లాద" మూడింటిలోనూ చిన్న వేషాలు వేసిన ఎల్.వి. ప్రసాద్ కూడా అక్కడే తిరిగారు. సురభి కమలాబాయి లీలావతిగా తెలుగు డైలాగులు చెప్పిన ఆ రోజుల్లోనే అదే కంపెనీ నంబర్ వన్ హీరోయిన్ హిందుస్తానీ నేర్చుకుంటోంది. కమలాబాయికి నాటకాల వల్ల మాట, పాట పుట్టుకతో వచ్చాయి. సులోచనకు అవి రెండూ కష్టపడితే గాని రాలేదు.

ఆమె మూకీలు ఎక్కడ చూడొచ్చు?

మన దేశంలో 1,300 దాకా మూకీలు తీశారు. ముక్కలతో సహా మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేంత తక్కువ. అప్పటి ఫిల్ము నైట్రేటుది. నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది, వేడికి దానంతటదే జిగురై పొడి అయిపోతుంది. టాకీలు వచ్చాక పాత ప్రింట్లకు విలువ లేదని, వాటిలోని వెండి కోసం కరిగించి అమ్మేసుకున్నారు కూడా. మిగిలినవాటిని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి పుణెలో, అంటే ఆమె పుట్టిన ఊళ్ళోనే, భద్రపరుస్తోంది. ఆమె పేరు నిలబెట్టిన మూకీల విషయంలో మనకు ఫొటోలు, పోస్టర్లు, చూసినవాళ్ళు రాసిన మాటలే దిక్కు.

తెర మీద కదులుతూ చూడాలంటే "జుగ్ను", 1953 "అనార్కలి" దొరుకుతాయి. పేర్లు పడేటప్పుడు సులోచన అని కనిపిస్తుంది, అక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా చూడండి.